మెత్తటి నేలలో గడ్డి కోతకు ట్రాక్టరు ఎంత బరువుండాలి, టైర్లు ఎలా ఉండాలి?

ప్రశ్న: మాది దివిసీమ. ఊరి పల్లంలో మూడెకరాల పారా గడ్డి, ఇంటి వెనక నాలుగెకరాల కొబ్బరి తోట, పద్నాలుగు ముర్రా గేదెలు ఉన్నాయి. కోత కూలీలు దొరకక పోయిన కార్తీకంలో పక్క ఊరి నుంచి 47 హెచ్‌పీ ట్రాక్టరును డ్రమ్ మోవర్‌తో (తిరిగే డ్రమ్ముల అడుగున కత్తులుండే గడ్డి కోత యంత్రం) సహా అద్దెకు పిలిపించాం. గడ్డి కోసింది గానీ మడంతా జానెడు లోతు గాళ్లు పడ్డాయి. వాటిలో నీళ్లు నిలిచి గడ్డి మళ్లీ చిగురించలేదు. ఇప్పుడు సొంత బండి కొందామనుకుంటున్నాం. బరువున్న బండికే పట్టు ఉంటుందనీ, 50 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోమనీ డీలరు చెబుతున్నాడు. ఏ బండికైనా దమ్ము చక్రాలు (వరి మడి బురదను కలియదున్నే ఇనుప చక్రాలు) వేస్తే చాలని మా బావగారు అంటున్నారు. టైర్లలో నీళ్లు నింపమని ఇంకొకరి సలహా. ఎవరి మాట వినాలి?
— ఒక పాడి రైతు, దివిసీమ

సమాధానం: డీలరు చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది దుక్కికి వర్తించే మాట. నాగలినో కల్టివేటరునో నేలలోంచి లాగాలంటే టైరు నేలను గట్టిగా పట్టుకోవాలి, ఆ పట్టు బరువు వల్లే వస్తుంది. గడ్డి కోతలో బండి లాగేదేమీ లేదు. ఇంజను శక్తిలో ఎక్కువ భాగం పీటీఓ షాఫ్టు (ఇంజను శక్తిని వెనక తగిలించిన యంత్రానికి అందించే తిరిగే కడ్డీ) ద్వారా మోవర్ కత్తులకు చేరుతుంది, చక్రాలు చేయవలసిందల్లా బండిని నెమ్మదిగా ముందుకు నడిపించటమే. దుక్కిలో అక్కరకొచ్చే బరువు కోతలో ఊరికే మోసుకుతిరిగే బరువు అవుతుంది, మీ పల్లంలాంటి చోట అది నేలకు భారం. కాబట్టి డీలరు దగ్గర మీరు అడగవలసిన మొదటి ప్రశ్న హెచ్‌పీ ఎంత అని కాదు. మోవర్ తగిలించి పైకి ఎత్తినప్పుడు ఒక్కొక్క వెనక చక్రం మీద ఎన్ని కిలోలు పడతాయని.

పోయిన కార్తీకంలో మీ మడిలో జరిగింది ఈ లెక్కతోనే అర్థమవుతుంది. ఆ 47 హెచ్‌పీ తరగతి బండ్లు సాధారణంగా 1,900 నుంచి 2,200 కిలోల దాకా తూగుతాయి. మధ్యస్థంగా 2,050 కిలోలనుకుంటే, టూ వీల్ డ్రైవ్ (ఇంజను వెనక చక్రాలను మాత్రమే తిప్పే) బండిలో దాదాపు 750 కిలోలు ముందు ఇరుసు మీద, 1,300 కిలోలు వెనక ఇరుసు మీద ఉంటాయి. డ్రమ్ మోవర్ బరువు 380 కిలోలనీ, అది వెనక ఇరుసుకు 1.3 మీటర్ల వెనక వేలాడుతుందనీ, రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లనీ అనుకుందాం. మోవర్‌ను ఎత్తగానే తక్కెడలో ఒక సిబ్బి దిగితే రెండోది లేచినట్టు ముందు భాగం తేలికవుతుంది. 380ని 1.3తో గుణించి 2తో భాగిస్తే 247 కిలోలు వస్తాయి, అంత బరువు ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకు మారుతుంది. అంటే వెనక ఇరుసు మీద 1,300, దానికి మోవర్ సొంత బరువు 380, ముందు నుంచి వచ్చిన 247, మొత్తం 1,927 కిలోలు. 380 కిలోల యంత్రం తగిలిస్తే వెనక ఇరుసుకు 627 కిలోలు పెరిగాయన్నమాట. డ్రమ్ మోవర్ బండి వెనక తిన్నగా ఉండదు, కుడివైపుకు జరిగి ఉంటుంది కనుక కుడి చక్రానికి సగం కన్నా ఎక్కువే పడుతుంది. కోస్తున్నంతసేపూ మోవర్ నేల మీద ఆని కొంత బరువు తానే మోసుకుంటుంది, మడి చివర మలుపు తిరగటానికి ఎత్తినప్పుడు మాత్రం అంతా చక్రాల మీదికే వస్తుంది. మీరు మడిలోకి వెళ్లి చూడండి, గాళ్లు అన్నిటికన్నా లోతుగా ఉన్నది మలుపుల దగ్గరేనని నా అంచనా.

బరువు సగం సంగతి, అది ఎంత జాగా మీద పరుచుకుంటుందన్నది మిగతా సగం. మీ ప్రాంతంలో వరి కోతలకు వచ్చే చైను మిషను 3 టన్నులున్నా టైరు మిషను దిగబడే మడిలో దిగబడకుండా తిరగటం మీరు ఏటా చూస్తూనే ఉంటారు. దాని రబ్బరు చైన్లు ఒక్కొక్కటి 45 సెంటీమీటర్ల వెడల్పున, 170 సెంటీమీటర్ల పొడవున నేలకు ఆనుతాయనుకుంటే చదరపు సెంటీమీటరుకు 200 గ్రాములు మాత్రమే పడుతుంది. అదే టైరయితే, నేల మీద పెట్టే ఒత్తిడి ఇంచుమించు దానిలో నింపిన గాలి ఒత్తిడికి సమానంగా, టైరు గోడల బిగువు వల్ల ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది. వెనక టైర్లలో 18 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలోన్నర పడుతుందని లెక్క వేసుకోవచ్చు. ట్రాలీ లాగే బండ్ల ముందు టైర్లలో పంక్చరు షాపువాళ్లు 35 పాయింట్ల దాకా కొట్టి పంపుతారు; ఆ సన్నటి 6.00-16 టైరు (మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో) చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోల ఒత్తిడితో ముందుగా గాడి తవ్వుకుంటూ పోతుంది, వెనక చక్రం ఆ గాడిలోనే దిగి దాన్ని వెడల్పు చేస్తుంది. మెత్తటి నేలలో టూ వీల్ డ్రైవ్ బండికున్న అసలు లోపం ఇదే, వెనక చక్రాలకు పట్టు చాలకపోవటం దాని తరువాతి సంగతి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. గేదె డెక్క కింద ఒత్తిడి కూడా చదరపు సెంటీమీటరుకు కిలోకు మించే ఉంటుంది, మరి గేదెలు తిరిగిన బీడు ట్రాక్టరు తిరిగిన మడిలా ఎందుకు పాడవదు? పై నేల ఎంత నలుగుతుందన్నది గాలి ఒత్తిడిని బట్టి ఉంటే, ఆ నొక్కుడు ఎంత లోతుకు దిగుతుందన్నది మొత్తం బరువును బట్టి ఉంటుంది. డెక్క గుర్తు మూడు నాలుగు అంగుళాలతో సరి, టన్ను బరువు మోస్తున్న చక్రం నొక్కిన నొక్కుడు అడుగున్నర కింద కూడా తెలుస్తుంది. పై నాలుగు అంగుళాలను ఎండ, వేళ్లు, వానపాములు మళ్లీ గుల్ల చేస్తాయి. అడుగు కింద బిగిసిన బంకమట్టి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకని వెడల్పు టైర్లు వేసుకుంటే బరువెంతున్నా ఫరవాలేదనే మాటను పూర్తిగా నమ్మకండి. వెడల్పు టైరు పై నేలను కాపాడుతుంది, అడుగు నేలను కాపాడాలంటే బరువే తగ్గాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే తప్పు స్వయంగా చేశాను. వెనక టైర్లలో నీళ్లు నింపి ఉన్న 35 హెచ్‌పీ బండికి స్లాషర్ (అడ్డంగా గిరగిరా తిరిగే కత్తితో గడ్డిని కొట్టే యంత్రం) తగిలించి, పైన ఆరినట్టు కనిపించిన ఒక పశుగ్రాసం మడిలో దింపాను. మొదటి చాలు బాగానే సాగింది. రెండో చాలులో వెనక్కి తిరిగి చూస్తే గాడి గోడలు కత్తితో కోసిన జున్నులా నున్నగా మెరుస్తున్నాయి, చూస్తుండగానే ఆ గోడల్లోంచి నీళ్లు ఊరి అడుగున చేరుతున్నాయి. అక్కడే ఆపి ఉండవలసింది, ఆపలేదు. నెల తిరిగేసరికి గాడి పొడవునా గడ్డి పసుపెక్కి చచ్చి, ఆ జాగాలో తుంగ మొలిచింది. ఆ తరువాత రెండేళ్ల వరకూ బండి ఎటు తిరిగిందో ఆ తుంగ వరుసలే చూపించేవి. మట్టి నున్నగా మెరిసిందంటే దానిలోని సందులన్నీ మూసుకుపోయినట్టే, ఇక అందులోకి గాలీ పోదు, అందులోంచి నీరూ దిగదు. మీ గాళ్లలో గడ్డి చిగురించకపోవటానికి కారణం ఇదేనని నా నమ్మకం. పారా గడ్డి నీటికి జడిసే గడ్డి కాదు, నీరు నిలిచే చోటే అది బాగా పెరుగుతుంది; చక్రం కింద దాని కణుపులు, వేళ్లు నలిగి, చుట్టూ మట్టి బిగుసుకుపోయాక మాత్రం అదీ తట్టుకోలేదు.

మీ బావగారు చెప్పిన దమ్ము చక్రాల సంగతికి వస్తే, అవి పశుగ్రాసం మడికి పనికిరావు. ఆ ఇనుప పట్టీలు ఉన్నది మట్టిని, మొదళ్లను కోసి కలియబెట్టటానికి. దమ్ములో కావలసింది అదే, గడ్డి మడిలో వద్దనుకునేదీ అదే. అయితే ఆయన మాట వెనక ఉన్న అనుభవాన్ని నేను తీసిపారేయను. వరి మడిలో మోకాలి లోతు బురదలో కూడా ట్రాక్టరు తిరుగుతుంది కదా అన్నదే ఆయన ఆలోచన అయి ఉంటుంది. అలా తిరగగలగటానికి కారణం చక్రాలు మాత్రమే కాదు. ఏళ్ల తరబడి దమ్ము చేసిన మడిలో సుమారు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున ఒక గట్టి పొర ఏర్పడి ఉంటుంది, బురద అడుగున బండి నిలబడేది దాని మీదనే. మీ పారా గడ్డి మడి ఒకప్పుడు వరి మడా, లేక పూడిన చెరువు అంచో, మురుగు కాలువ పక్క లంకో అన్నది మీ ఉత్తరంలో లేదు. ఒక గునపం తీసుకుని, మడిలో పది పన్నెండు చోట్ల, దెబ్బ వేయకుండా ఒంటి బరువుతో దించి చూడండి. ఎనిమిది అంగుళాల లోపల గట్టిగా తగిలితే పొర ఉన్నట్టు. రెండడుగుల దాకా వెన్నలో దిగినట్టు దిగిపోయే చోటు ఉంటే అక్కడ వెదురు కర్ర పాతి గుర్తు పెట్టుకోండి, వానాకాలంలో ఆ చోటికి ఏ బండినీ పోనివ్వకండి. అలాంటి చోట దిగబడిన బండి పొట్ట నేలకు ఆనేదాకా పోతుంది, దాన్ని లాగటానికి వచ్చిన రెండో బండి కూడా ఒక్కోసారి పక్కనే కూర్చుంటుంది.

టైర్లలో నీళ్ల గురించి పెద్ద చర్చ అవసరం లేదు, నింపకండి. 13.6-28 సైజు టైరులో ముప్పాతిక వంతు నీళ్లు నింపితే ఒక్కొక్క చక్రానికి దాదాపు 200 కిలోలు చేరతాయి. గాలికి మిగిలే చోటు తగ్గి టైరు బిగుసుకుపోవటంతో నేల మీద అది ఆనే జాగా కూడా కుంచించుకుపోతుంది. చక్రాలకు బిగించే ఇనుప బిళ్లలు కొత్త బండితో పాటు వస్తే వాటిని కూడా ఊడదీసి షెడ్డులో పెట్టుకోండి.

ఇక మీకు ఎంత బరువు బండి కావాలన్నది. 24 నుంచి 28 హెచ్‌పీ మధ్య, ఖాళీగా 900 కిలోలకు మించని మినీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి మీకు సరిపోతుందని నా సలహా. దానికి తగిలించే మోవర్ 180 కిలోలు దాటకూడదు. పైన వేసిన లెక్కనే దీనికీ వేద్దాం. బండి 850 కిలోలు, అందులో ముందు 360, వెనక 490. ఇరుసుల మధ్య దూరం మీటరున్నర. మోవర్ 180 కిలోలు, వెనక ఇరుసుకు మీటరు వెనక. ఎత్తినప్పుడు ముందు నుంచి 120 కిలోలు తేలిపోతాయి, వెనక ఇరుసు మీద 790 కిలోలు అవుతాయి. ఒక్కొక్క వెనక చక్రానికి 400 కిలోల లోపే, అంటే అద్దె బండి చక్రం మోసిన దానిలో సగం కూడా కాదు. ముందు ఇరుసు మీద ఇంకా 240 కిలోలు మిగిలాయి. బండి ఖాళీ బరువులో కనీసం అయిదో వంతు ఎప్పుడూ ముందు ఇరుసు మీద ఉండాలన్నది స్టీరింగు అదుపులో ఉండటానికి పాటించే నియమం, ఇక్కడ ఆ అయిదో వంతు 170 కిలోలే కనుక ముందు బంపరుకు అదనపు దిమ్మలు తగిలించవలసిన పని కూడా ఉండదు. కాగితం మీది లెక్కతో ఆగకుండా, కొనే ముందు దగ్గరలోని వేబ్రిడ్జికి తీసుకుపోయి, మోవర్ ఎత్తి ఉంచి, ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలను మాత్రమే ఉంచి మరొకసారి తూకం వేయించండి. కాటావాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

మినీ బండికి డ్రమ్ మోవర్ బరువూ ఎక్కువే, అది అడిగే శక్తీ ఎక్కువే. దట్టమైన పచ్చగడ్డిలో కత్తులు అటూ ఇటూ ఆడే కట్టర్ బార్ మోవర్‌కు మీటరు వెడల్పుకు మూడు నాలుగు హెచ్‌పీ చాలు, డ్రమ్ రకానికి దానికి కొన్ని రెట్లు కావాలి. పారా గడ్డి తీగలు సాగి, పడుకుని, అల్లుకుపోయే రకం కనుక ఒకే కత్తి ఉన్న కట్టర్ బార్‌లో తీగలు చుట్టుకుని మాటిమాటికీ ఆగుతుంది. ఎదురెదురుగా రెండు కత్తులూ ఆడే రకంలో ఆ బెడద తక్కువ. నాలుగు నుంచి అయిదు అడుగుల వెడల్పున్న అలాంటి మోవర్ చూడండి. స్లాషర్ కొబ్బరి తోటలో కలుపుకు మంచిదే గానీ మేతకు వద్దు, గడ్డిని ముక్కలు చేసి మట్టితో కలిపేస్తుంది.

మినీ బండికి ఒక లోపం ఉంది. దాని పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది, చక్రాలు చిన్నవి. అందువల్ల ఈ తరగతిలోనే ఎత్తు చక్రాలున్న మోడల్‌కు మొగ్గు చూపండి. వెనక 8-18 టైరున్న బండి, 8.3-24 టైరున్న బండి రెండూ ఎదురుగా ఉంటే రెండోదే మీది. చక్రం ఎత్తు పెరిగితే నేల మీద టైరు జాడ పొడవుగా పడుతుంది. ఒకే వైశాల్యమున్న రెండు జాడల్లో పొడవాటిది, వెడల్పాటి దానికన్నా తేలికగా దొర్లుతుంది, ముందు మట్టిని తక్కువగా నెడుతుంది. తరువాత ఎప్పుడైనా ఇంకా వెడల్పాటి టైర్లు వేయించాలనిపిస్తే, వెనకవి మాత్రమే మార్చే పొరపాటు చేయకండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాలు వెనక వాటికన్నా కొద్ది శాతం వేగంగా తిరిగేలా గేర్లు అమర్చి ఉంటాయి. ఒక జత చుట్టుకొలత మారితే ఆ పొత్తు చెడి, రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడుతూ నేలను చీలుస్తాయి, గేర్లనూ అరగదీస్తాయి. మార్చదలిస్తే ముందు వెనకలు కలిపి, కంపెనీ ఇచ్చిన జతలలోంచే మార్చాలి.

టైరు మీద ఏటవాలుగా ఉండే రబ్బరు కట్ల, అంటే లగ్‌ల విషయంలో మీ అవసరానికి మామూలు వ్యవసాయపు టైరు చాలు. వరి కోసం చేసే లోతు లగ్‌ల టైరు అడ్డంగా గడ్డి వేళ్లను కోస్తుంది. పచ్చిక మైదానాలకు వాడే చదును టైర్లు పొడి నేలలో చక్కగా ఉంటాయి గానీ మీ నల్ల బంకమట్టి తడిలో వాటి సందులు పూడిపోయి సబ్బు బిళ్లల్లా జారతాయి. కోతకు లాగుడు బలం అక్కరలేదని ముందే చెప్పాను కాబట్టి, ఇంకో మాట కూడా చెబుతాను, డీలరు విని నవ్వినా సరే: సగం అరిగిన లగ్‌లున్న టైరు ఈ పనికి కొత్త టైరు కన్నా మెరుగు. సెకండ్ హ్యాండ్ బండి మంచి స్థితిలో దొరికితే టైర్లు అరిగాయని వెనకాడకండి. రేడియల్ టైరు తక్కువ గాలిలో పక్కలకు ఉబ్బి ఎక్కువ జాగా ఆనుతుంది, ఆ సైజులో దొరికి ధర అందుబాటులో ఉంటే మంచిదే. లేకపోతే గోడలు బిగువుగా ఉండే మామూలు బయాస్ టైరుతోనే, గాలి సరిచూసుకుంటూ పని జరుపుకోవచ్చు.

ఆ గాలి మాత్రం మీ చేతిలో ఉన్న పని, పైసా ఖర్చు లేనిది. మడిలోకి దిగే ముందు వెనక టైర్లలో 10 నుంచి 12 పాయింట్లకు తగ్గించండి, టైరు తయారీదారు ఇచ్చిన పట్టికలో ఆ చక్రం మోసే బరువుకు ఎంత కనిష్ఠం రాసి ఉంటే అంతకు దిగువకు పోకండి. ట్యూబు టైరులో గాలి మరీ తగ్గితే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మెడ తెగుతుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి కనుక 200 రూపాయల గేజీ ఒకటి, పీటీఓతోనో బ్యాటరీతోనో నడిచే చిన్న కంప్రెసరు ఒకటి బండితో ఉంచుకోండి. గేజీ ఒక్క పాయింటు తేడాను కూడా స్పష్టంగా చూపించేదై ఉండాలి. లారీ టైర్ల కోసం చేసిన గేజీలో 10 పాయింట్లు, 15 పాయింట్లు ఒకేలా కనిపిస్తాయి.

బండి ఎంత తేలికైనా మడిలోకి ఏ రోజు దింపాలన్నది మట్టి చెప్పాలి. పైపొర ఎండి నెర్రె విచ్చినంత మాత్రాన నమ్మకండి. ఆరు అంగుళాల లోతు నుంచి ఉసిరికాయంత మట్టి తీసి రెండు అరచేతుల మధ్య దారంలా తిప్పండి. అగ్గిపుల్ల మందం కన్నా కొంచెం ఎక్కువ, సుమారు 3 మిల్లీమీటర్ల దాకా విరగకుండా సాగితే నేల ఇంకా పచ్చిగానే ఉంది, చక్రం కింద అది మైనంలా ఒదుగుతుంది. ఆ మందానికి రాకముందే పొడి రాలి తునిగితే దిగవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న చౌడు మడులలో ఇంకో రెండు రోజులు అదనంగా ఆగండి. చౌడు మట్టి తడిస్తే దాని రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి అంబలిలా మారతాయి. తడి ఇచ్చే మడి అయితే కోతకు వారం ముందే నీళ్లు పెట్టటం ఆపేయాలి, మురుగు బోదె పూడి ఉంటే ముందు దాన్ని తీయించాలి. నిజానికి బండి కొనే డబ్బులో ఎంతో కొంత ముందుగా ఆ బోదె మీద పెట్టమని చెప్పాలనిపిస్తోంది.

మీరు అడగని ఒక లెక్క కూడా చెప్పకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. గేదెకు రోజుకు 25 కిలోల పచ్చగడ్డి చొప్పున పద్నాలుగింటికి 350 కిలోలు కావాలి. బాగా పెరిగిన పారా గడ్డి ఒక కోతకు ఎకరానికి 5 టన్నులు ఇస్తుందనుకుంటే సెంటుకు 50 కిలోలు, అంటే మీరు రోజూ కోయవలసింది 7 సెంట్లు. నాలుగడుగుల వెడల్పు కత్తితో అది 240 మీటర్ల నడక, పది పదిహేను నిమిషాల పని. ఇంత పనికి వానాకాలంలో రోజూ ట్రాక్టరును మడిలోకి దింపితే కోసిన చోటు కన్నా వచ్చిపోయే దారే ముందు పాడవుతుంది. కాబట్టి భాద్రపదం నుంచి కార్తీకం చివరి దాకా పారా మడికి వెనక నడుస్తూ తోలే చిన్న కోత యంత్రం వాడండి, 120 నుంచి 150 కిలోల బరువుంటుంది, దిగబడినా ఇద్దరు మనుషులు ఎత్తి గట్టున పెట్టగలరు. మినీ ట్రాక్టరు ఆ మూడు నెలలూ కొబ్బరి తోటలో కలుపు కోయటానికి, ఎరువు తోలటానికి, పీటీఓ మీద చాఫ్ కట్టర్ (మేతను చిన్న ముక్కలుగా కోసే యంత్రం) తిప్పటానికి ఉపయోగపడుతుంది. మార్గశిరం దాటాక పారా మడిలోకి దిగుతుంది. తోట పని, చాఫ్ కట్టర్ పని మీకు లేవంటే మాత్రం, ఒక్క పారా గడ్డి కోసం ట్రాక్టరే కొనవద్దనేవాడిని.

కోసిన గడ్డిని మోసుకొచ్చే ట్రాలీ గురించి మీరు ఏమీ రాయలేదు, ఎవరూ రాయరు. మోవర్ బరువును గ్రాములతో సహా లెక్క వేసి, కోత అయ్యాక 3 టన్నుల గడ్డి నింపిన ట్రాలీని అదే మడిలోంచి లాగించిన రైతులను చూశాను. ట్రాలీ టైర్లు లారీ టైర్ల కోవలోవి, సన్నగా ఉంటాయి, వాటిలో గాలి ట్రాక్టరు వెనక టైర్లలో ఉన్నదానికి నాలుగయిదు రెట్లు ఉంటుంది. పోయిన కార్తీకంలో మీ గాళ్లలో ఎన్ని మోవర్ బండివి, ఎన్ని ట్రాలీవి అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి. ట్రాలీ గట్టు మీదే ఆగాలి. 350 కిలోల గడ్డిని గట్టు దాకా మోపులుగా కట్టి మోయటం కష్టమనుకుంటే, అర టన్నుకు మించని చిన్న రెండు చక్రాల బండిని వెడల్పాటి టైర్లతో చేయించి, మినీ ట్రాక్టరు వెనక తగిలించండి.

తోలేటప్పుడు మలుపుల దగ్గర ఒక చక్రానికి బ్రేకు వేసి గిర్రున తిప్పే అలవాటు మానిపించండి; దమ్ములో అది పనితనం, గడ్డి మడిలో మొదళ్లను పెకలించటం. విశాలంగా తిరగండి, మోవర్‌ను కత్తులు గడ్డిని తప్పేంత వరకే ఎత్తండి. ప్రతి కోతకూ చాళ్లు అడుగున్నర పక్కకు జరపండి, మడిలోకి దిగే చోటు మాత్రం ఎప్పుడూ ఒకటే ఉంచి దాన్ని ఇటుక ముక్కలతో, రాళ్లతో గట్టిపరచండి. చక్రం ఉన్నచోటే తిరగటం మొదలుపెడితే ఆ క్షణమే క్లచ్చి తొక్కి ఆపేయాలి. యాక్సిలరేటరు పెంచిన కొద్దీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది.

డీలరు డెమోకు ఒప్పుకుంటే షోరూము ముందు సిమెంటు నేల మీద కాకుండా మీ మడిలోనే, గునపం కొద్దిగా మెత్తగా దిగిన చోట, మోవర్‌తో సహా చేయించండి. గాలి మీరే కొలిచి తగ్గించండి. ఒక చాలు నేరుగా తోలి, చివర మోవర్ ఎత్తి తిప్పించి, ఆ మలుపులో పడిన గాడి మీద ఒక చదును కర్ర అడ్డంగా పెట్టి కింది దాకా స్కేలుతో లోతు కొలవండి. అంగుళంన్నర లోపు ఉండి, గాడి అడుగున మట్టి మెరవకుండా గరుకుగా ఉంటే ఆ బండి తీసుకోవచ్చు. మూడు అంగుళాలు దాటితే ఆ రోజుకు బండిని పంపించేసి, మడిని ఇంకో నాలుగు రోజులు ఆరనిచ్చి మళ్లీ రమ్మనండి. అప్పుడూ అంతే ఉంటే ఇంకా తేలిక బండి చూడండి.